తెర మీద పడవ... కడుపులో తుఫాను!

"ఒరేయ్, ఆపమను... ఆపమనరా!"

పోయిన కార్తీకమాసంలో, హైదరాబాదులో ఒక పెద్ద షాపింగు మాల్ మూడో అంతస్తులో మా అమ్మ వేసిన కేక ఇది. ఆ క్షణంలో ఆవిడ కాశీలో, గంగమ్మ మీద, పడవలో ఉంది. పడవెక్కి రెండు నిమిషాలైనా కాలేదు. నేనూ, స్టాలు కుర్రాడూ కలిసి ఆవిడ మొహానికి తగిలించిన నల్లపెట్టెను ఊడదీసేలోపలే... ఎందుకులెండి, అన్నం తింటూ పత్రిక చదివే అలవాటు మనలో చాలామందికి ఉంది!

"ఫస్టు టైము అందరికీ ఇట్లనే అయితది సార్. అలవాటైతే ఏం కాదు," అన్నాడా కుర్రాడు బకెట్టూ, గుడ్డా తెచ్చుకుంటూ. పాపం, అతని తప్పేమీ లేదు. అడక్కుండానే డబ్బులు కూడా తిరిగిచ్చేశాడు.

అలవాటైతే ఏం కాదట! మా అమ్మకిప్పుడు అరవై ఆరేళ్ళు. ఆవిడకి ఇంతవరకూ బస్సే అలవాటు కాలేదు.

"నాకు బస్సు పడదు" అనే మనిషి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. చేతిలో నిమ్మకాయ, బుగ్గన చింతపండు, ఒళ్ళో ప్లాస్టిక్ సంచి, కిటికీ పక్క సీటు కోసం కండక్టరుతో పేచీ... ఈ మొత్తం సరంజామా మా ఇంట్లో అమ్మది. తిరుమల కొండకి ఎన్నిసార్లు వెళ్ళినా ఆవిడది అలిపిరి మెట్లదారే. 3,550 మెట్లు. "ఎంత భక్తో మహాతల్లికి!" అని ఊళ్ళోవాళ్ళు చెప్పుకునేవారు. భక్తి లేదనను గాని, అసలు రహస్యం ఘాట్ రోడ్డు మలుపులని నాకొక్కడికే తెలుసు. ఎక్కడం సరే, దిగడం కూడా మెట్లమీదే. చివరికి మోకాళ్ళు అరిగిపోయి 2022లో ఆపరేషను దాకా వచ్చింది.

సరిగ్గా అదే సంవత్సరం నాన్నగారు పోయారు. అస్థికలు కాశీ తీసుకెళ్ళి గంగలో కలిపింది నేనూ, మా బాబాయీ. కట్లతో మంచం మీదున్న అమ్మ రాలేకపోయింది. "ఎక్కడ కలిపార్రా? ఒడ్డు నుంచి ఎంతదూరం పోయారు? నీళ్ళెలా ఉన్నాయి?" అని ఈ మూడేళ్ళలో వందసార్లు అడిగి ఉంటుంది. ఫోటోలు చూపించాను. ఫోనులో తీసిన వీడియో చూపించాను. "బాగానే ఉందిరా, టీవీలో చూసినట్టుంది," అనేసి ఊరుకుంది.

అందుకని, ఆ మాల్‌లో 'వర్చువల్ రియాలిటీలో కాశీ దర్శనం' అన్న బోర్డు చూడగానే నేను మరో ఆలోచన లేకుండా టిక్కెట్టు కొన్నాను.

ఎడిటరుగారు వి.ఆర్. సినిమాల మీద ఒక వ్యాసం రాయమని అంతకు రెండు నెలల ముందే చెప్పారు. ఎవరు తీస్తున్నారు, ఖర్చెంత, మన హీరోలెవరైనా చేస్తున్నారా అన్న ధోరణిలో రాద్దామని నోట్సు కూడా తయారు చేసుకున్నాను. ఆ రోజు తర్వాత ఆ నోట్సు పక్కన పారేశాను. కదలకుండా కుర్చీలో కూర్చున్న మనిషికి కడుపులో ఎందుకు దేవుతుంది? దానికి విరుగుడు ఎవరైనా కనిపెట్టారా? ఈ రెండు ప్రశ్నలే పట్టుకుని కూర్చున్నాను.

ఇద్దరు సాక్షులు, రెండు మాటలు

చెవి ఉన్నది వినడానికే అనుకుంటాం. కాని లోపలి చెవిలో వినికిడితో సంబంధం లేని యంత్రాంగం ఇంకొకటుంది. మూడు సన్నని అర్ధచంద్రాకారపు గొట్టాలు, వాటి నిండా ద్రవం. తల తిప్పగానే ఆ ద్రవం కాస్త వెనకబడుతుంది. అలా వెనకబడి, లోపలున్న వెంట్రుకల్లాంటి కణాలను వంచుతుంది. "తల తిరిగింది" అని మెదడుకి కబురు వెళ్తుంది. ఆ గొట్టాల పక్కనే రెండు చిన్న సంచులు, వాటిల్లో సున్నపు రేణువులు. ముందుకు కదిలామా, పైకి లేచామా, ఒక పక్కకి ఒరిగామా అన్నది చెప్పేవి ఇవి.

ఇహ మన సినిమా కోర్టు సీను ఒకటి ఊహించుకోండి. జడ్జిగారు మెదడు. మొదటి సాక్షి కన్ను, రెండో సాక్షి చెవి. ఘాట్ రోడ్డు బస్సులో ముందు సీటు వీపు చూస్తూ కూర్చున్నప్పుడు, "యువరానర్, మేము కదలటం లేదు" అంటుంది కన్ను. "అబద్ధం! ఎడమకి తిరిగాం, కుడికి తిరిగాం, గోతిలో పడి లేచాం" అంటుంది చెవి. వి.ఆర్. పెట్టెలో ఈ కేసే తిరగబడుతుంది. కన్నేమో "పడవలో పోతున్నాం" అంటుంది, చెవేమో "కుర్చీలో ఉన్నాం" అంటుంది. జడ్జిగారికి ఎవరి మాట నమ్మాలో తోచదు. నోట్లో నీళ్ళూరతాయి, చెమటలు పడతాయి, తరువాత సంగతి మీకు తెలిసిందే.

రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లో ప్రచురించిన పుస్తకంలో ఈ తగాదా సిద్ధాంతాన్ని వివరంగా చెప్పారు. బాగానే ఉంది. కాని తగాదా కళ్ళకీ చెవికీ అయితే మధ్యలో కడుపేం చేసింది? దీనికి 1977లో ట్రైస్‌మన్ అనే ఆయన ఒక ఊహ చేశాడు. అడవిలో తిరిగే ఆదిమానవుడికి కళ్ళూ చెవులూ పొంతన లేకుండా మాట్లాడటం ఎప్పుడు జరిగేది? ఏ విషపు కాయో తిన్నప్పుడు! అందుకని మెదడు ఆ గందరగోళం చూడగానే "ఏదో విషం లోపలికి పోయింది, కక్కించెయ్" అని ఆర్డరు వేస్తుందిట. ఇది ఊహే, రుజువైన సంగతి కాదు. కాదనేవాళ్ళూ ఉన్నారు. ఒళ్ళు నిలదొక్కుకోలేకపోవడమే అసలు కారణమని 1991లో రిచియో, స్టాఫ్రెగెన్ అనే ఇద్దరు వాదించారు. నా మటుకు నాకు విషం కథే నచ్చింది. అమ్మకి చెబితే, "అయితే నా ఒళ్ళు నన్ను కాపాడుతోందన్నమాట," అని కాస్త గర్వపడింది కూడా.

తుఫానులో పేకాట

ఇందులో చెవి పాత్ర ఎంతో చెప్పే నిజమైన కథ ఒకటుంది. ఇన్నేళ్ళుగా హాలీవుడ్ వాళ్ళు దీన్ని పెద్ద సినిమాగా తియ్యకపోవడం నాకు ఆశ్చర్యం.

1950ల చివర్లో అమెరికా నౌకాదళం వారికీ, కొత్తగా పుట్టిన నాసాకీ ఒక బెంగ పట్టుకుంది. అంతరిక్షంలో మనిషికి వికారం వస్తే ఎలా? వాషింగ్టన్‌లో బధిరుల కోసం ఉన్న గాలడెట్ కాలేజీ నుంచి పదకొండుమందిని పిలిపించారు. ఒక్కరికి తప్ప అందరికీ చిన్నప్పుడు మెదడువాపు లాంటి మెనింజైటిస్ జబ్బు వచ్చి, వినికిడితో పాటు లోపలి చెవిలో ఆ రెండో యంత్రాంగం కూడా దెబ్బతింది. వాళ్ళలో నలుగురిని ఇరవై అడుగుల గుండ్రటి గదిలో పెట్టి, గదిని నిమిషానికి పదిసార్లు చొప్పున తిప్పుతూ పన్నెండు రోజులపాటు అందులోనే ఉంచారు. తిన్నారు, పడుకున్నారు, ఏమీ కాలేదు!

మరోసారి కెనడా దగ్గర నోవాస్కోషియా తీరంలో అల్లకల్లోలంగా ఉన్న సముద్రం మీదికి పడవలో తీసుకెళ్ళారు. అలలు పడవని ఎత్తి కుదేస్తున్నాయి. బధిరులు నింపాదిగా పేకాట ఆడుకుంటూ కూర్చున్నారు. వాళ్ళని పరీక్షించడానికి వచ్చిన శాస్త్రవేత్తలు మాత్రం వాంతులు చేసుకుని, చేసుకుని, ఇక మా వల్ల కాదని ప్రయోగమే రద్దు చేసుకుని వెనక్కి వచ్చేశారు.

రెండో సాక్షి అసలు కోర్టుకే రాకపోతే తగాదా లేదన్నమాట. అంటే ఆ సాక్షిని ఒప్పించాలి, లేదా కాసేపు వాడి నోరు మూయించాలి. ఈ రంగంలో జరుగుతున్న పనంతా ఈ రెండింట్లో ఏదో ఒకటే.

వాసన వేసే సినిమా

మన సినిమావాళ్ళు శాస్త్రవేత్తల కంటే ముందే ఈ దారిలో నడిచారు. మోర్టన్ హైలిగ్ అని అమెరికాలో ఒక కెమెరామన్. ఆయన 1962లో 'సెన్సోరామా' అనే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. చూడ్డానికి టెలిఫోను బూత్ లాగా ఉండే పెట్టె. అందులో తల దూర్చి కూర్చుంటే బ్రూక్లిన్ వీధుల్లో మోటారు సైకిలు మీద పోతున్న దృశ్యం కనిపిస్తుంది. కుర్చీ అదురుతుంది, మొహానికి గాలి కొడుతుంది, వీధుల వాసనలు కూడా వస్తాయి. డబ్బు పెట్టేవాడు దొరక్క పాపం ఆ యంత్రం అక్కడే ఆగిపోయింది. ఆయన వినోదం కోసం పెట్టిన గాలీ, వాసనా అరవై ఏళ్ళ తరువాత మందుగా పనికొస్తాయని ఆయనకేం తెలుసు!

మనవైపు సంగతికొస్తే, 1984లో మలయాళంలో 'మై డియర్ కుట్టిచ్చాతన్' వచ్చింది. మన దేశపు మొదటి త్రీడీ సినిమా. తెలుగులో 'చిన్నారి చేతన'. అందులో పిల్లలు గోడలెక్కి, సీలింగు మీద నడిచే పాట కోసం ఒక గది మొత్తం కట్టి గుండ్రంగా తిప్పారు. మా అమ్మ ఆ సినిమా చూసింది. "ఆ పాటొచ్చినప్పుడు కళ్ళజోడు తీసేసి కళ్ళు మూసుకున్నా," అంటుంది. అయినా థియేటర్లో ఒక సుఖం ఉంది. తెర చుట్టూ చీకటి కనిపిస్తుంది, ముందు వరసలో తలకాయలు కనిపిస్తాయి, కాబట్టి 'నేను కుర్చీలో ఉన్నాను' అన్న సంగతి కన్నుకి తెలుస్తూనే ఉంటుంది. వి.ఆర్. పెట్టె ఆ ఆధారాన్ని కూడా లాగేసుకుంటుంది. పైగా మన సినిమాకి సెకనుకు 24 ఫ్రేములు చాలు. ఇక్కడ 90 దాకా కావాలి. మీరు తల తిప్పినప్పుడు బొమ్మ తిరగడం ఇరవై మిల్లీసెకన్లకి మించి ఆలస్యమైతే తల దిమ్మెక్కడం ఖాయం.

మెక్సికన్ దర్శకుడు ఇన్యారితు 2017లో 'కార్నె ఇ అరేనా' అనే వి.ఆర్. చిత్రాన్ని కాన్ చలనచిత్రోత్సవంలో ప్రదర్శించాడు. సరిహద్దు దాటే వలసజనం కథ. ఆరున్నర నిమిషాలు. ఒక్కొక్కరినే లోపలికి పంపిస్తారు, అదీ చెప్పులు విప్పించి! కింద నిజమైన ఇసుక. ప్రేక్షకుడు ఆ ఇసుకలో తన కాళ్ళతో తనే నడుస్తాడు. ఆ ఏడే దానికి ప్రత్యేక ఆస్కార్ ఇచ్చారు. నాకనిపించేదేమిటంటే, ఇసుక నాటకీయత కోసమే కావచ్చు గాని, అడుగు నిజంగా పడుతున్నప్పుడు కన్నుకీ చెవికీ తగాదాకి చోటే లేదు.

మన ఏ.ఆర్. రెహమాన్ గారు దర్శకత్వం వహించిన 'లే మస్క్' కూడా ఈ కోవలోదే. 2022లో కాన్‌లో చూపించారు. 36 నిమిషాలు. ప్రేక్షకుడు కూర్చునే కుర్చీ కథతో పాటు కదులుతుంది, సువాసనలు కూడా వదులుతుంది. జూలియెట్ అనే నాయిక తన జీవితాన్ని మార్చేసిన మగవాళ్ళని వాళ్ళ ఒంటి వాసన జ్ఞాపకంతో వెతుక్కుంటూ వెళ్ళే కథ. సంగీత దర్శకుడు ముక్కుతో వినిపించిన పాట అందామా?

గులాబీ, అల్లం, కాస్త కరెంటు

విరుగుళ్ళ జాబితా చదువుతుంటే నాకు నవ్వొచ్చింది. సగం మా అమ్మ బస్సు సంచిలోవే!

2017లో ఒక బృందం కొందరికి సైకిలు తొక్కుతున్నట్టుండే వీడియో చూపించి, కొందరి మొహానికి ఫ్యాను గాలి కొట్టించారు, కొందరి కుర్చీ అదిరించారు. కుర్చీ అదరడం వల్ల లాభం కనిపించలేదు. గాలి మాత్రం పనిచేసింది. కిటికీ సీటు కోసం కండక్టరుతో పేచీ పెట్టుకోవడం ఊరికే కాదన్నమాట. 2015లో గులాబీ వాసన చూపించారు, ఇంకో గుంపుకి తోలు వాసన. గులాబీ వాసనని నిజంగా పసిగట్టిన వాళ్ళకి వికారం తగ్గింది. 2014లో పాటలు వినిపించారు. మనసుకి నచ్చిన సంగీతమైతే మేలు చేసింది. 2022లో అల్లం, పిప్పరమెంటు రుచి ఉన్న చూయింగ్ గమ్ నమిలించి వి.ఆర్.లో హెలికాప్టరు ఎక్కించారు. నమిలినవాళ్ళు నమలనివాళ్ళకంటే నయంగా ఉన్నారు.

ఇవన్నీ పెద్ద సంఖ్యలో జనం మీద చేసిన పరీక్షలు కావు. 'పనిచేస్తుంది' అన్న నమ్మకమే సగం పనిచేసి ఉండవచ్చు కూడా. ఆ మాట మరిచిపోకండి.

ఇహ పెద్ద చిట్కాలు. అమెరికాలో పర్డ్యూ విశ్వవిద్యాలయం వారు 2015లో వి.ఆర్. దృశ్యం మధ్యలో ఒక ముక్కు బొమ్మ పెట్టారు. అవును, ముక్కే! మన ముక్కు ఎప్పుడూ మన కళ్ళకి కనిపిస్తూనే ఉంటుంది, మెదడే పట్టించుకోదు. ఆ స్థిరమైన ఆనవాలు ఉంటే కన్ను తబ్బిబ్బు పడదని ఆలోచన. ఒక బంగళాలో తిరిగే దృశ్యంలో ముక్కున్నవాళ్ళు సగటున 94 సెకన్లు ఎక్కువసేపు ఉండగలిగారు. రోలర్ కోస్టర్ మీద మాత్రం రెండే సెకన్లు! తమాషా ఏమంటే, అక్కడ ముక్కుందని చూసినవాళ్ళు గమనించనే లేదు. 2016లో కొలంబియా విశ్వవిద్యాలయం వారు మనిషి కదిలినప్పుడల్లా దృశ్యం అంచులను నెమ్మదిగా చీకటి చేసి చూశారు. ఇప్పుడు చాలా వి.ఆర్. ఆటల్లో ఈ పద్ధతే వాడుతున్నారు.

చెవినే నేరుగా ఒప్పించే ప్రయత్నాలు వేరే. చెవి వెనక ఎముక మీద రెండు పలకలు అంటించి, అతి స్వల్పంగా కరెంటు పంపిస్తే లోపలి చెవి నాడి కదిలి, కూర్చున్న మనిషికి ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు 2012లో ఈ పద్ధతిని బొమ్మ కదలికతో జోడించి వికారం తగ్గించవచ్చని రాశారు. 2016లో శామ్‌సంగ్ కంపెనీ ఇదే సూత్రంతో 'ఎంట్రిమ్ ఫోర్ డీ' అనే హెడ్‌ఫోను చూపించింది. తెర మీద కారు మలుపు తిరిగితే మీ చెవి కూడా "తిరిగాం" అంటుంది. ఇద్దరు సాక్షులదీ ఒకే మాట! ఇది చదివి ఇంట్లో బ్యాటరీలతో ప్రయోగాలు మొదలుపెట్టే మహానుభావులు ఎవరైనా ఉంటే, దయచేసి వద్దు.

కెనడాలో క్వీన్స్ యూనివర్సిటీ వారిది ఇంకో దారి. 2018లో వారు చెవి వెనక ఎముకని, బొమ్మలో మలుపు వచ్చిన క్షణంలోనే, సన్నగా అదిరించారు. ఆ అదురుకి రెండో సాక్షి మాట తడబడుతుంది. జడ్జిగారు "వీడి సాక్ష్యం తేడాగా ఉంది" అని పక్కన పెట్టి కన్ను మాట నమ్ముతారు. లాయరు తెలివి! జపాన్‌లో నగోయా విశ్వవిద్యాలయం వారు 2025లో 100 హెర్ట్జ్ మంద్రధ్వనిని ఒక్క నిమిషం వినిపిస్తే ప్రయాణపు వికారం తగ్గిందని ప్రకటించారు. ఉయ్యాల మీదా, కారు నడిపే సిమ్యులేటరు మీదా, నిజం కారులోనూ చూశారు. ఆ ధ్వని లోపలి చెవిలో సున్నపు రేణువుల యంత్రాంగాన్ని మేలుకొలుపుతుందని వాళ్ళ వివరణ.

మా వరండాలో మణికర్ణిక

ఇన్ని చదివాక ఊరుకుంటానా? మా బావమరిది గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేరు ఉద్యోగి. అతని దగ్గర హెడ్‌సెట్ ఉంది. ఒక ఆదివారం పొద్దున్న తెమ్మన్నాను.

"అత్తయ్యగారు మళ్ళీ పెట్టుకుంటారా బావా?" అన్నాడు అనుమానంగా.

"పెట్టుకోక! ఈసారి నా సంచి నా దగ్గరుంటుంది," అంది అమ్మ.

నాన్నగారి పేముకుర్చీ వరండాలో వేశాం. ఎదురుగా టేబుల్ ఫ్యాను, చిన్న స్పీడులో. అమ్మ బుగ్గన అల్లం ముక్క. పక్కన స్టూలు మీద పూజగదిలోంచి తెచ్చిన నాలుగు గులాబీలు. చివరిది నా సొంత పైత్యం. ఇన్యారితు ఇసుక గుర్తొచ్చి, ఒక టబ్బులో నీళ్ళు పోసి అమ్మ కాళ్ళు అందులో పెట్టించాను. మా ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ వర్ణించను.

ముందు పడవ వద్దనుకున్నాం. ఒడ్డున మెట్ల మీద కెమెరా కదలకుండా నిలబెట్టి తీసిన దృశ్యం వేశాం. అయిదు నిమిషాలు. అమ్మ నెమ్మదిగా తల తిప్పుతూ చూసింది. "ఎవరో గొడుగు కింద కూర్చున్నారు... అటుపక్క పొగ," అంటూ చెబుతూనే ఉంది. ఏమీ కాలేదు. పావుగంట విశ్రాంతి తీసుకుని, కాఫీ తాగి, "ఇప్పుడు పడవెక్కించు," అంది.

నేను బకెట్టు దగ్గర పెట్టుకునే కూర్చున్నాను. ఒక నిమిషం. రెండు నిమిషాలు. మాల్‌లో ఆగిన చోటు దాటాం. మూడో నిమిషంలో నుదుటిన చెమట పట్టింది. తీసెయ్యనా అంటే చేత్తో వద్దని సైగ చేసింది. బావమరిది ఫ్యాను స్పీడు పెంచాడు. అమ్మ టబ్బులో కాళ్ళు అటూ ఇటూ కదుపుతోంది. నాలుగు నిమిషాలు దాటాక తనంతట తానే పెట్టె తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. వికారం మాత్రం లేదు.

ఇది గాలి మహిమా, గులాబీదా, అల్లానిదా? లేక మొదట కదలని దృశ్యం చూపించి నెమ్మదిగా అలవాటు చెయ్యడం వల్లా? అన్నీ ఒకేసారి కలిపేశాను కనుక నాకు తేలలేదు. శాస్త్రవేత్తలెవరైనా నా ప్రయోగం చూస్తే తల పట్టుకుంటారు. మరునాడు నేనే ఏ సరంజామా లేకుండా అదే పడవ ఎక్కి చూశాను. నాకు బస్సు పడుతుంది, విమానం పడుతుంది. అయినా ఆరో నిమిషంలో కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

అమ్మ చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరువాత అంది, "ఒడ్డుకి ఇంత దగ్గరేరా? నేను నడిమధ్యకి పోయారనుకున్నా. మీ బాబాయి ఎటుపక్క కూర్చున్నాడు?"

"ఎడమపక్క, అమ్మా."

"ఊఁ," అంది. కాళ్ళు టబ్బులోంచి తీసి తుడుచుకుంటూ, "నీళ్ళు గోరువెచ్చగా పోశావేమిట్రా? చలికాలంలో గంగ ఇలా ఉంటుందా?" అని అడిగింది.

మోకాళ్ళకి మంచిదని పోశానన్నాను.

"వచ్చే ఆదివారం చన్నీళ్ళు పొయ్యి," అంది.